నల్లగొండ నీళ్లతో ఇంట్లో మనీప్లాంట్ పెంచడం ఎలా?

మీ ఇంట్లో ఇప్పటికే ఏదో ఒక కుండీ ఉంటే ముందు దాని అంచు చూడండి. మట్టి కుండీ అయితే బయటి వైపు తెల్లగా, సున్నం వేసి సగం గీకేసినట్టు మచ్చలు ఉంటాయి. అది బోరు నీళ్ల గుర్తు. నీళ్లు కాచే గిన్నె అడుగున, గీజర్ కాయిల్ మీద, నల్లా మూతి చుట్టూ గడ్డకట్టేది కూడా అదే. మన దిక్కు ఇంట్లో మొక్క పెట్టాలనుకుంటే వెలుగు, మట్టి, ఎరువు తర్వాత చూసుకోవచ్చు. ఏ నీళ్లు పోస్తున్నాం, ఎన్ని పోస్తున్నాం అన్నది ముందు తేల్చుకోవాలి.

మనీప్లాంట్‌తో మొదలుపెట్టమనేది అందుకే. నీళ్ల విషయంలో మనం చేసే తప్పులను ఇది కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, ఆకుల మీద చూపిస్తుంది కూడా. ఓర్పుకూ హద్దు ఉంటుందనుకోండి. నా చేతుల్లో రెండు పోయాయి. రెండూ ఎండి పోలేదు, రోజూ పొద్దున చెంబెడు నీళ్లు పోస్తే వేర్లు కుళ్లి పోయాయి. మొదటిది వాడిపోతుంటే దాహమేమో అనుకొని ఇంకో చెంబు పోశాను.

కొమ్మ తెచ్చుకోవడం

మనీప్లాంట్ దొంగతనంగా తెచ్చి పెడితేనే ఇంట్లో పైసలు నిలుస్తాయని మన దగ్గర ఒక నమ్మకం. గోడ మీదికి తీగ పాకించిన ప్రతి ఇంటివాళ్లకూ దీని సంగతి తెలుసు, తీగ ఎంత పెరిగినా రోడ్డు వైపు మాత్రం కురచగానే ఉంటుంది. మీరు మాత్రం అడిగి తెచ్చుకోండి. నీతి కోసం చెప్పడం లేదు. హడావుడిగా తెంపితే ఒట్టి ఆకు చేతికొస్తుంది, ఒట్టి ఆకు పనికిరాదు. నేను అలా తెచ్చిన ఒక ఆకును గ్లాసులో పెట్టి రెండు నెలలు చూశాను. పచ్చగానే ఉంది, పోలేదు. కొత్త చిగురు మాత్రం రాలేదు, రాదు కూడా. చిగురు పుట్టేది కణుపు దగ్గరే.

తీగను చేతిలోకి తీసుకొని వేళ్లతో తడుముతూ పోండి. ఆకు కాడ తీగకు అతుక్కునే చోట చిన్న ఉబ్బు తగులుతుంది, చుట్టూ సన్నటి గీత ఉంటుంది. అదే కణుపు. దానికి ఎదురుగా, గోధుమ రంగులో బియ్యపు గింజంత మొటిమ కూడా కనిపించాలి. అది గాలివేరు, నీళ్లు తగిలితే సాగుతుంది. కోత ఆ కణుపుకు రెండు సెంటీమీటర్ల కింద పడాలి. రెండు కణుపులు, రెండు ఆకులు ఉన్న ముక్క అయితే చాలు. కింది కణుపు దగ్గరి ఆకు తీసేసి ఆ కణుపు మునిగేలా నీళ్లలో పెట్టండి. రెండు మూడు వారాల్లో తెల్లటి వేర్లు వస్తాయి. వేర్లు రెండు అంగుళాలు అయ్యాక మట్టిలోకి మార్చండి. ఇంకా పొడుగయ్యేదాకా నీళ్లలోనే ఉంచితే మట్టికి అలవాటు పడటానికి మారాం చేస్తుంది. ఒక కుండీలో ఒకే కొమ్మ నాటితే ఏడాదంతా ఒంటి తాడులా వేలాడుతుంది. నాలుగైదు కలిపి నాటితే గుబురుగా కనిపిస్తుంది.

ఈ మొక్క పూలు పూయడం దాదాపు ఎవరూ చూసి ఉండరు. పూతకు కావలసిన జిబ్బరెల్లిన్ అనే హార్మోన్‌ను ఇది తనంతట తాను తగినంత తయారు చేసుకోలేదు. పూలు లేవు, గింజలూ లేవు. కాబట్టి మన ఇళ్లలో ఉన్నవన్నీ ఎవరో ఎప్పుడో కోసిచ్చిన కొమ్మకు పుట్టిన కొమ్మలే. పుట్టిల్లు పసిఫిక్ సముద్రంలోని మోరియా అనే చిన్న దీవి. అక్కడ పెద్ద చెట్ల నీడలో, వాటి మొదళ్లను పట్టుకొని పైకి పాకుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే కింద చెప్పేవి చాలావరకు మీకే తడతాయి.

కొనాలనుకుంటే నర్సరీలోనో, ట్రాలీ ఆటోల మీద అమ్ముకుంటూ వచ్చేవాళ్ల దగ్గరో తీసుకోండి. మన దగ్గరికి వచ్చే మొక్కల్లో చాలా వరకు గోదావరి దిక్కున కడియం నర్సరీల నుంచి వచ్చేవే. కవర్ విప్పి చూస్తే వేర్ల చుట్టూ గట్టి బంకమట్టి ముద్ద ఉండవచ్చు. దాన్ని అలాగే కుండీలో పాతితే నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి, మధ్యలో ముద్ద తడవదు. ఒకసారి తడిసిందంటే వారం ఆరదు. బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, సగం మట్టి మెల్లగా విదిలించి నాటండి. రకాల్లో పసుపు చారల గోల్డెన్ అన్నిటికన్నా మొండిది. తెలుపు ఎక్కువుండే మార్బుల్ క్వీన్, ఎన్‌జాయ్ చూడ్డానికి బాగుంటాయి కానీ నెమ్మదిగా పెరుగుతాయి, వెలుగు కూడా ఎక్కువ అడుగుతాయి. మొదటిసారికి గోల్డెన్ తీసుకోండి.

ఎక్కడ పెట్టాలి

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూసే ఉంటారు. గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద పగలంతా ఒకే స్తంభం నీడ నిలిచి ఉంటుంది. ఎండ నేరుగా లోపలికి రాదు. ముందరి స్తంభాల మధ్య నుంచి చెదిరిన వెలుగే అక్కడిదాకా వస్తుంది. మనీప్లాంట్‌కు కావలసింది సరిగ్గా అలాంటి చెదిరిన వెలుగు, కాకపోతే గర్భగుడిలో కన్నా కొంచెం ఎక్కువ.

మధ్యాహ్నం పన్నెండుకు మీరు అనుకున్న చోట తెల్ల కాగితం పరిచి, జానెడు ఎత్తున చెయ్యి చాపండి. నీడ అంచులు కత్తితో కోసినట్టు పడితే అక్కడ ఎండ ఎక్కువ, ఆకులు మాడతాయి. చెయ్యి ఆకారం తెలుస్తూ అంచులు మసకగా ఉంటే అది సరైన చోటు. నీడే పడకపోతే మొక్క బతుకుతుంది కానీ పసుపు చారలు పోయి ఒట్టి ఆకుపచ్చ అవుతుంది, కణుపుకూ కణుపుకూ మధ్య దూరం పెరిగి తీగ సన్నబడుతుంది.

తూర్పు కిటికీ మంచిది. ఉత్తరం కూడా సరే. పడమటి కిటికీ మాత్రం మార్చి నుంచి జూన్ దాకా వద్దు, సాయంత్రం నాలుగుకు కూడా ఆ అద్దం చెయ్యి పెట్టనివ్వదు. మనీప్లాంట్ ఆగ్నేయంలో ఉండాలని వాస్తు చెప్పేవాళ్లు అంటారు. మీ ఆగ్నేయ మూలలో కిటికీ ఉంటే పెట్టుకోండి. చాలా ఇళ్లలో ఆ మూల వంటగది ఉంటుంది, పొయ్యి సెగ తగిలితే ఏ మొక్కా నిలవదు. గాలిని శుభ్రం చేస్తుందని పడకగదిలో పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. 1989లో నాసా చేసిన పరీక్షలో మనీప్లాంట్ ఉన్న మాట నిజమే కానీ, అది మూసేసిన చిన్న పెట్టెల్లో చేసింది. మామూలు గదిలో కిటికీ రెక్క తీస్తే వచ్చే లాభం మొక్క వల్ల రాదు. అందంగా ఉంటుందని పెట్టుకోండి, అది చాలు.

కుండీ, మట్టి

ఎనిమిది అంగుళాల కుండీ, అడుగున చిల్లు. చిల్లు లేని పింగాణీ కుండీలు ఎంత ముచ్చటగా ఉన్నా నేరుగా అందులో నాటకండి. చిల్లున్న ప్లాస్టిక్ కుండీలో నాటి, దాన్ని పింగాణీ దాంట్లో దించుకోవచ్చు.

మన చల్క నేల ఎర్రమట్టి ఈ మొక్కకు బాగానే సరిపోతుంది. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు కొబ్బరి పొట్టు, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, పిడికెడు వేపపిండి కలపండి. ఎరువు వేడిగా ఉన్నా, పేడ వాసన వస్తున్నా ఇంకా మాగలేదని అర్థం. పొలానికి బంగారం లాంటిదని చెరువు మట్టి తెచ్చి కుండీ నింపేవాళ్లు ఉన్నారు. పొలంలో అది నిజమే, కుండీలో మాత్రం ఆరితే రాయి, తడిస్తే జిగురు. నల్లరేగడి కూడా అంతే. మట్టి గుల్లగా ఉండటానికి మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊక దొరికితే ఒక పాలు కలపొచ్చు. బాయిలర్ నుంచి వచ్చే బూడిద మాత్రం కలపకండి. మన నీళ్లలో అసలే క్షారం ఎక్కువ, బూడిద దాన్ని ఇంకా పెంచుతుంది.

నీళ్ల సంగతి

మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ మనుషుల పళ్లను, ఎముకలను ఏం చేసిందో ఈ జిల్లాలో వేరే చెప్పనక్కర్లేదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటే, మన బోర్లు ఎన్నో ఆ గీత ఎప్పుడో దాటేశాయి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి (NEERI) అనే పరిశోధన సంస్థ తయారు చేస్తే, దానికి నల్గొండ టెక్నిక్ అని మన ఊరి పేరే పెట్టారు. మనుషుల బాధ ముందు మొక్క బాధ లెక్కలోది కాదు. అయినా తెలుసుకోవాల్సింది ఒకటుంది. స్పైడర్ ప్లాంట్, డ్రసీనా లాంటి మొక్కలు ఫ్లోరైడ్‌కు ఆకు కొసలు మాడ్చుకుంటాయి. మనీప్లాంట్ వాటికన్నా మొండి ఘటం. కానీ బోరు నీళ్లలోని ఉప్పులన్నీ కుండీలో పేరుకుంటూ పోతే దీని కొసలు కూడా గోధుమ రంగుకు తిరుగుతాయి.

ఏ నీళ్లు వాడాలంటే, అన్నిటికన్నా వాన నీళ్లు మంచివి. వానాకాలంలో సజ్జ అంచు కింద బకెట్ పెట్టి పట్టుకోండి, మూత మరవకండి. తర్వాత ఏసీ పైపు నుంచి కారే నీళ్లు. అవి గాలిలోని తేమ చల్లబడి కారినవి, ఉప్పు దాదాపు ఉండదు. ఎండాకాలం ఒక్క ఏసీ కింద బకెట్ పెడితే నాలుగైదు కుండీలకు సరిపోతాయి. ఆ తర్వాత మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు. కృష్ణా నీళ్లే కాబట్టి ఉప్పు తక్కువ. క్లోరిన్ వాసన వస్తే వెడల్పాటి బకెట్‌లో ఒక రాత్రి ఉంచండి, పోతుంది. ఫ్లోరైడ్ అలా పోదు. రాత్రంతా ఉంచినా, కాచినా పోదు. కాస్తే నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

బోరు తప్ప గతి లేకపోతే బోరు నీళ్లే పోయండి, కానీ రెండు నెలలకోసారి కుండీని కడగాలి. కుండీని స్నానాల గదిలో పెట్టి, కుండీ పట్టేదానికి మూడింతలు నీళ్లు, ఆ పూటకైనా మంచి నీళ్లు దొరికితే అవి, మెల్లగా పోసి అడుగు చిల్లులోంచి కారిపోనివ్వండి. పేరుకున్న ఉప్పు వాటితో పోతుంది. వానాకాలంలో అయితే ముసురు పట్టిన రోజు బయట పెడితే చాలు, వానే కడిగిపెడుతుంది. ఒకటి మాత్రం అసలు చేయకండి. ఆర్‌ఓ మెషిన్ పక్క పైపు నుంచి పారే నీళ్లు వృథా అవుతున్నాయని జాలిపడి కుండీలో పోయడం. ఫిల్టర్ తీసిన ఉప్పంతా ఉండేది అందులోనే. అవి ఇల్లు తుడవడానికి వాడుకోండి.

ఇక ఎన్ని నీళ్లు, ఎప్పుడు. గడియారం చూసి పోయకండి, వేలు పెట్టి చూడండి. చూపుడు వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి. లోపల చల్లగా, తడిగా ఉండి మట్టి వేలికి అంటుకుంటే ఆ రోజు వద్దు. పొడిగా రాలితే పోయండి. పోసేటప్పుడు పిసినారితనం వద్దు, అడుగు చిల్లులోంచి కారేదాకా పోయాలి. ఎనిమిది అంగుళాల కుండీకి అది రమారమి ఒక చెంబు. పళ్లెంలో నిలిచిన నీళ్లు పావుగంట తర్వాత పారబోయండి. అలవాటయ్యాక వేలు కూడా అక్కర్లేదు, కుండీని ఒక చేత్తో కొంచెం ఎత్తితే బరువే చెబుతుంది. ఒక లెక్క కావాలంటే ఎండాకాలం మూడు నాలుగు రోజులకు, వానాకాలం వారానికి, చలికాలం పది రోజులకు ఒకసారి పడుతుంది. వెలుగు తక్కువున్న గదిలో ఇంకా ఆలస్యమైనా ఏమీ కాదు.

పొద్దున్నే లేచి చూస్తే కొన్నిసార్లు ఆకు కొసన నీటిబొట్టు వేలాడుతుంటుంది. పైనుంచి పడిన నీళ్లు కావవి. రాత్రి వేర్లు పీల్చినదాంట్లో మిగిలింది ఆకు కొస నుంచి బయటికొచ్చింది. భయపడక్కర్లేదు, కానీ వరసగా కనిపిస్తుంటే ఇంకో రెండు రోజులు నీళ్లు ఆపండి.

సీసాలో పెంచేవాళ్లకు మట్టి గొడవ లేదు, దోమల గొడవ ఉంది. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి శుభ్రమైన నిలవ నీళ్లలోనే. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. శుక్రవారం డ్రైడే అని ఆశా వర్కర్లు ఇంటింటికీ చెప్పేది అందుకే. ప్రతి శుక్రవారం సీసా ఖాళీ చేసి, వేర్లు నల్లా కింద కడిగి, కొత్త నీళ్లు పోయండి. రంగు సీసా అయితే పాచి పట్టడం తక్కువ. ఖాళీ బీరు సీసా దీనికి భేషుగ్గా ఉంటుంది, చుట్టాలు వచ్చినప్పుడు లేబుల్ ఊడదీసి ఉంచుకుంటే సరి.

రోహిణి కార్తె దాటించడం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నల్లగొండలో మే నెల ఎండ 44 డిగ్రీలు దాటడం కొత్త కాదు. మనీప్లాంట్‌కు ఇష్టమైన వేడి 30 లోపే. ఆ రోజుల్లో పెరుగుదల ఆశించకండి, నిలబెట్టుకుంటే చాలు. కిటికీ నుంచి రెండడుగులు లోపలికి జరపండి. పైఅంతస్తు స్లాబు కింద గది అయితే కుండీని నేల మీద పెట్టండి, పైన అల్మారా మీద కన్నా కింద చల్లగా ఉంటుంది. కూలర్ ఉన్న గదిలో తేమ దీనికి నచ్చుతుంది. కానీ కూలర్ గాలి ఎదురుగా కొట్టే చోట పెడితే ఆకులు ముడుచుకుపోతాయి, పక్కకు ఉంచండి. నడి మధ్యాహ్నం నీళ్లు పోయకండి. ట్యాంకు నీళ్లు ఆ వేళకు చాయ్‌లా కాగి ఉంటాయి.

ఎరువు, కుండీ మార్చడం, కొమ్మలు కోయడం అన్నీ మిరుగం దాకా వాయిదా వేయండి. తొలకరి పడి గాలి మెత్తబడ్డాక మొక్క తనే లేస్తుంది, జూన్ నుంచి అక్టోబరు దాకా దానికి మంచి రోజులు. ఆ నెలల్లో రెండు నెలలకోసారి పిడికెడు వర్మీ కంపోస్టు పైమట్టిలో కలిపితే చాలు. లేదంటే ఎరువుల షాపులో దొరికే 19-19-19 అనే నీళ్లలో కరిగే ఎరువును లీటరు నీళ్లకు ఒక గ్రాము చొప్పున కలిపి నెలకోసారి పోయండి. మట్టి పొడిగా ఉన్నప్పుడు పోస్తే వేర్లు మాడతాయి, ముందు మామూలు నీళ్లతో తడపండి. ఇంట్లో వాడేసిన చాయ్‌పత్త వేస్తామంటే, చక్కెర పోయేలా కడిగి ఎండబెట్టి వేయండి, లేకపోతే వంటగదిలోని చీమలన్నీ కుండీకి మకాం మారుస్తాయి. బియ్యం కడిగిన నీళ్లు ఇంటి లోపలి కుండీలకు నేను వాడను. పులిసి వాసన వస్తుంది, చిన్న నల్ల ఈగలు చేరతాయి.

పైకి పాకిస్తే

వేలాడదీస్తే ఆకులు చిన్నగానే ఉంటాయి. పట్టుకోవడానికి తడి ఆసరా దొరికితే ఒక్కో కొత్త ఆకు పాతదానికన్నా పెద్దదిగా వస్తుంది. ఇళ్ల ముందు వేపచెట్టుకు పాకిన మనీప్లాంట్ ఆకు చేటంత అయ్యి, అంచులు చీలి ఉండటం చూసే ఉంటారు. ఇంట్లో అంత రాదు కానీ అరచేతికి మించుతుంది. దీనికోసం మాస్ స్టిక్, అంటే తీగ పాకడానికి అమ్మే నాచు చుట్టిన కర్ర, కొననక్కర్లేదు. రెండున్నర అడుగుల పీవీసీ పైపు ముక్కకు పాత గోనెసంచి రెండు మూడు చుట్లు చుట్టి సుతిల్‌తో బిగించండి. కుండీ మధ్యలో పాతి, తీగను కణుపుల దగ్గర దానికి ఆనించి వదులుగా కట్టండి. నీళ్లు పోసినప్పుడల్లా గోనెను కూడా తడపాలి, ఎండిన గోనెను గాలివేరు పట్టుకోదు.

రోడ్డు పక్క ఇల్లయితే పదిహేను రోజులకోసారి తడి బట్టతో ఆకులు తుడవండి, కింద అరచెయ్యి ఆనించి. మెరుపు కోసం కొబ్బరినూనె రాసేవాళ్లున్నారు. దుమ్ము ఇంకా అంటుకుంటుంది, ఆకు గాలి పీల్చే రంధ్రాలు మూసుకుపోతాయి.

ఏదో తేడా కొడుతుంటే

కింద ఉన్న ముసలి ఆకు ఒకటి అప్పుడప్పుడు పసుపై రాలడం మామూలే. ఒకేసారి మూడు నాలుగు పసుపైతే మట్టిలో వేలు పెట్టండి. ఆకు వాలి మట్టి పొడిగా ఉంటే దాహం, నీళ్లు పోసిన పూటకే లేస్తుంది. ఆకు వాలి మట్టి తడిగా ఉంటే వేరు కుళ్లు. నేను తప్పు చదివింది సరిగ్గా ఇక్కడే, రెండింటిలోనూ ఆకు ఒకేలా వాలుతుంది. కుళ్లు అయితే మొక్కను పెరికి చూడండి. మంచి వేరు తెల్లగా గట్టిగా ఉంటుంది, కుళ్లింది నల్లగా మెత్తబడి, లాగితే పైతొక్క ఊడి సన్నటి దారం మిగులుతుంది. కుళ్లినవన్నీ కత్తిరించి కొత్త మట్టిలో నాటండి. వేరు ఏమీ మిగలకపోతే పైన బాగున్న కొమ్మ కోసి మళ్లీ సీసాతో మొదలుపెట్టండి.

కణుపుల సందుల్లో తెల్ల దూదిలా కనిపిస్తే అది పిండినల్లి. దూదిని సర్జికల్ స్పిరిట్‌లో ముంచి తుడిచేయండి. ఎక్కువైతే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున కూడా తగిలేలా వారానికోసారి మూడు వారాలు కొట్టండి. ఇల్లంతా వేప వాసన వస్తుంది, ఒక రాత్రి ఓర్చుకోవాలి.

చిన్నపిల్లలు, పెంపుడు పిల్లి, కుక్క ఉన్న ఇంట్లో అందని ఎత్తున పెట్టండి. వాకిట్లో పెడితే మేకలకూ దూరంగా. ఇది చేమగడ్డ కుటుంబం మొక్క. చేమగడ్డ కోస్తే చేతులు దురద పెట్టేది అందులోని సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాల వల్ల, ఇందులోనూ అవే ఉంటాయి. చేమగడ్డను చింతపండు పులుసుతో ఉడికించి తింటాం కానీ దీన్ని తినే పద్ధతి లేదు. పిల్లవాడు నమిలితే నోరు మండి ఏడుస్తాడు. నోట్లోది తుడిచేసి, చల్లటి నీళ్లు తాగించండి. పెదవులు, నాలుక వాచినా, మింగడం కష్టమైనా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి. కొమ్మలు కోశాక మీరూ చేతులు కడుక్కోండి, ముందు కళ్లు నలుపుకోకండి.

బతుకమ్మ, దసరా సెలవులకు ఊరికి పోతున్నారంటే బయలుదేరే ముందు రోజు చిల్లులోంచి కారేదాకా నీళ్లు పోసి, కిటికీకి కొంచెం దూరంగా జరిపి తాళం వేయండి. ఆ కాలంలో పది పన్నెండు రోజులు ఏమీ కాదు. పక్కింటివాళ్లకు తాళం ఇచ్చి రోజూ నీళ్లు పోయమని మాత్రం చెప్పకండి. వాళ్లు మాట తప్పరు, రోజూ పోస్తారు.